బొట్టు పెట్టిన గిన్నె

ఎనభైల మాట. మా ఆయన పోయినంక రెండో కోతలు. వరంగల్ చుట్టుపక్కల ఊర్లల్ల కల్లాలకు మా ముఠా పోయేది. వడ్లు తూర్పారపట్టుడు మా పని. ఎత్తుపీట మీద నిలబడి చాటతోని వడ్లు పోస్తాంటే గాలి తాలును ఎగరేసుకపోవాలె. గాలి లేకుంటే పని లేదు.

ఒకనాడు పొద్దు నడినెత్తికి వస్తాంటే నా వంతు వచ్చింది. రెండు చాటలు పోసిన్నో లేదో గాలి ఆగింది. ఆసామి తల్లి మంచం మీద కూసొని చూస్తాంది.

"ముండమోసిన ముఖం ఎదురొస్తే గాలి వీస్తదా? రేపటి సంది దీన్ని తేకుండ్రి!"

ముఠా నడిపే వదిన నా చేతిల చాట తీసుకున్నది. కోతల పని పోతే ఏడాదంత ఏం తినాలె?

మాపటికి ఇంటికి పోతే మా పక్కింటి టీచరమ్మ బడి పిల్లలకు చూపెట్టెతందుకు గాలి జోరు కొలిచే గిర్ర చేస్తాంది. నాకొకటి చేసియ్యమంటే, "నువ్వే చెయ్యి, నేను చెప్త" అన్నది. రెండు ప్లాస్టిక్ బంతులు సగానికి కోస్తే నాలుగు గిన్నెలైనయి. ఊసల కోసం మా ఆయన గొడుగు విప్పిన. గుడ్డ ఎప్పుడో చినిగింది గని పారెయ్య చెయ్యి రాలే. రెండు ఊసలు అడ్డంగ కట్టి కొసలకు గిన్నెలు కట్టిన. నడుమ పెన్ను మూత. కర్రకు మొల కొట్టి దాని మీద ఆ మూత బోర్లించిన. ఊదితే కదల్లే.

టీచరమ్మ నవ్వింది. "అన్నిటి మూతులు నీ దిక్కే పెడితివి గద! ఒకదాని ఎనుక ఒకటి ఉరికినట్టు పెట్టు."

తిప్పి కట్టిన. గిర్రున తిరిగింది! చుట్లు లెక్కబెట్టెతందుకు ఒక గిన్నెకు ఎర్ర గుర్తు కావాలె. కుంకుమ ఇంట్లనే ఉన్నది. నేను ముట్టలే. టీచరమ్మ ఎర్ర సిరా పూసింది.

వదిన చేతికిచ్చిన. "నేను రాను. ఒక చాట పోసే లోపట ఎర్రది ఎన్ని చుట్లు తిరుగుతదో అందరు ఇనంగ లెక్కబెట్టు."

మూడో నాడు మాపటికి వదిన వచ్చింది. మూడు దినాలూ పొద్దుగాల పన్నెండు చుట్లు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రెండు, ఆఖరికి నిలబడుడే.

"పెద్దమ్మా, ఆమె రానే లేదు. మరి ఎవరి ముఖం చూసి ఆగింది?" అని ఆసామి తల్లిని అడిగిందట. అడిగి నాలిక కరుసుకున్నదట. కల్లంల మొగుడు లేని ఆడిది ఆ ముసలమ్మ ఒక్కతే.

"ఏమన్నది వదినా?"

"గిర్రను తన చేతితోని ఒకపారి తిప్పి చూసింది. రేపు దాన్ని రమ్మను అన్నది."

తెల్లారి పోయిన. ఎత్తుపీట ఎక్కపోతాంటే ముసలమ్మ పిలిచింది.

"నాకు ఇరవై ఏండ్లప్పుడే పోయిండు నా ఇంటాయన. నన్ను గూడ కల్లం తొక్కనియ్యలే" అన్నది, నా దిక్కు చూడకుంట.

గిన్నె మీది సిరా దుమ్ముకు మాసింది. వడ్ల రాశికి పూజ చేసిన కుంకుమను నా ముందటికి జరిపింది.

"ఎర్రది కనవడ్తలేదు. జర పెట్టు."

"నేనా పెద్దమ్మా?"

"నువ్వే. ఎవరు పెట్టిండ్రో గాలికేం ఎరుక?"

వేలు నీళ్లల్ల ముంచి కుంకుమల అద్దిన. గిన్నెకు బొట్టు పెట్టిన. ఎత్తుపీట ఎక్కి చాట ఎత్తిన.