కళ్లు మూసుకుని వినే మనిషి

ఈ చుట్టుపక్కల పత్తి చేలల్లో ఆడవాళ్ల నడుముకు కనిపించే పూల సంచిని, నా కొట్టు గుమ్మం దగ్గరే వద్దని తిప్పి పంపిన ఘనుణ్ని నేనే. మార్టూరులో మాది బట్టల కొట్టు.

దాన్ని తెచ్చినాయన ఒక సంచుల కంపెనీ మనిషి. మొదట తెచ్చింది మెరిసే నైలాన్ సంచి, దానిమీద పెద్దక్షరాలతో కంపెనీ పేరు. పాత చీరను ఒడిగా కట్టుకుని పత్తి తీసేవాళ్లు అది కొనలేదు. ఎందుకో కనుక్కోవాలని ఆయన చేలోకి వెళ్తుంటే సరదాకి నేనూ వెళ్లాను. ఎండలో దూది పింజలు నెమ్మదిగా తేలుతున్నాయి. కూలీల ముఠాకి పెద్దయిన ఆవిడ సంచిని తిరగేసి చూసింది.

"మీ బోర్డు మేం మొయ్యాలా బాబూ? దానికి కూలెంతిస్తారు?"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టు తలాడిస్తూ, "ఇంకా చెప్పమ్మా" అన్నాడు.

"ఒంటికి అంటుకుంటంది. అన్నాలప్పుడు పరుచుకుందామన్నా పనికిరాదు."

"ఇంకా చెప్పమ్మా."

తిరిగొచ్చాక నా దగ్గర నాలుగు మీటర్ల పూల గుడ్డ కొన్నాడు. కడితే ఒడి, విప్పి పరిస్తే దుప్పటి అయ్యేలా కుట్టించి, పేరు లోపలివైపు వేయించి, నన్ను ఏజెన్సీ తీసుకోమన్నాడు.

"పేరు దాచుకుని అమ్ముతారా అండీ?" అని ఎకసెక్కమాడాను.

"ఇదీ అమ్ముడుపోకపోతే నన్ను ఇంటికి పంపేస్తారండి" అన్నాడు, కల చెబుతున్నంత మెల్లగా.

మర్నాడు ఆ పెద్దావిడ కట్టుకుంది. వారం తిరక్కుండా ముఠా అంతా కట్టుకుంది. ఆయన ఉద్యోగం నిలిచింది, నేను వద్దన్న ఏజెన్సీ ఎదురు కొట్టుకి వెళ్లింది. ఆయన కొన్న ఆ గుడ్డకి నేను మీటరుకు పది రూపాయలు ఎక్కువ వేశాను. ఆ సంచి వ్యాపారంలో నాకు మిగిలింది, మొత్తం కలిపి, నలభై రూపాయలు.