ఇనుప బూట్ల వీరుడు

కిటికీ అద్దంలోని ఎర్రటి వెలుగు నా కూతురి వట్టి పాదాల మీద పడుతుండగా, మా వెనక చర్చి వాకిట్లో ఎవరో నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకుంటున్న నవ్వు. గుడికెళ్లినట్టే విప్పి వచ్చిన మా బూట్లన్నీ ఆ వాకిట్లోనే ఉన్నాయి.

ఐర్లండులోని ఈ డ్రోహెడా ఊరొచ్చాక మాకదొక అలవాటు. బడి వదలగానే పిల్లలిద్దరినీ తీసుకుని ఆ రంగుల కిటికీ చూడటానికి వెళ్లేదాన్ని. రెక్కల పామును ఈటెతో పొడిచి ఊరిని కాపాడిన పాతకాలపు గుర్రపు వీరుడి కథ అది. చివరి బొమ్మలో అతను దేవుడి ముందు మోకరిల్లి ఉంటాడు, కాళ్లకు ఇనుప బూట్లతోనే.

"అమ్మా, హి హ్యాజ్ హిజ్ బూట్స్ ఆన్!" మా అమ్మాయి మొదటిరోజే పట్టేసింది.

"వాళ్లకి తెలీదులే. మనకి తెలుసుగా," అన్నాను. ఆ మాట అన్నందుకు గర్వపడ్డాను కూడా.

బయటికి వచ్చేసరికి వాకిట్లో ఒక్క బూటూ లేదు. గేటు దగ్గర బడి యూనిఫారాల్లో ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి. అయిదేళ్ల మా బాబు నీలం బూటును ఆ పిల్ల లేసు పట్టుకుని గిరగిరా తిప్పుతోంది.

"కమ్ అండ్ గెట్ ఇట్!" అంది. అబ్బాయిలు గొంతు కలిపారు. "గో హోమ్!"

మావాడు పరిగెత్తబోయాడు. చెయ్యి పట్టి లాగాను. వేళ్ల గుర్తులు పడేలా పట్టుకున్నానని తర్వాత స్నానం చేయిస్తుంటే తెలిసింది. తడి కంకర మీద ముగ్గురం వట్టి కాళ్లతో నిలబడ్డాం. వాళ్లు మీదికొస్తే ఈ ఇద్దరినీ వేసుకుని ఎటు పరిగెత్తగలను?

లోపల పూలు సర్దుతున్న పెద్దావిడ బయటికి రాగానే వాళ్లు తీరిగ్గా నడుచుకుంటూ పోయారు, బూటుతో సహా.

"దే ఆర్ ఓన్లీ మెస్సింగ్, లవ్. యూ ఆర్ గ్రాండ్," అందావిడ, ఊరికే ఆటపట్టిస్తున్నారు, మీకేం కాలేదుగా అన్నట్టు. తర్వాత మా కాళ్ల వంక చూసి, అసలెందుకు విప్పారని అడిగింది. తప్పెవరిదో అలా తేలిపోయింది.

మిగతా బూట్లు చెత్తడబ్బాలో, కుళ్లిన పూల కింద దొరికాయి. బాబును చంకనెత్తుకుని ఇల్లు చేరాను.

ఆస్పత్రిలో డ్యూటీ ముగించుకుని మావారు వచ్చాక, గార్డ్స్‌కి ఫోన్ చేస్తానన్నాను.

"పోలీసులొచ్చి ఏం చేస్తారే? ఒక బూటు కోసం కంప్లైంటా? సిటిజెన్‌షిప్ వచ్చేదాకా ఇట్టాంటివి పెట్టుకోకు."

"బూటు కోసం కాదండీ."

"మరి దేనికి?"

నన్ను ముట్టుకోవద్దని ఒక పేషెంటు తనతో అన్న సంగతి ఈమధ్యే ఈయన నవ్వుతూ చెప్పారు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడేమని చెప్పను?

ఆ వీరుడు అద్దంలో ఎన్నేళ్లుగానో అదే పామును పొడుస్తున్నాడు. గేటు దాకా వచ్చే పని అతనికి లేదు.

పొద్దున బాబు వాన బూట్లు తొడుక్కుని అడిగాడు. "కెన్ వి సీ ద హార్స్ టుడే?"

"వెళ్దాం," అన్నాను. వంగి, మా అమ్మాయి లేసులు రెండు ముళ్లు వేశాను. "ఇకమీదట అక్కడ బూట్లు విప్పకండి. ఆయనా విప్పలేదుగా. నేను ఊఁ అనగానే పరిగెత్తాలి. వెనక్కి చూడొద్దు, నాకోసం కూడా."