పరదాల కారులో కుంపటి

ఆ కాలంలో మా ఇంట్లో గాలికి రెండు గుణాలుండేవి. మగవాళ్లు అబిడ్స్‌లో షికారు చేస్తూ పీల్చేది ఆరోగ్యం. అదే గాలి బాలింతకు తగిలితే సన్నిపాతం. నేనప్పుడు మెకానికల్ డిప్లొమా కొత్తగా పాసై, దేన్నైనా ఒకటి, రెండు, మూడు అని విడదీస్తే తప్ప మాట్లాడేవాణ్ణి కాదు (ఇంట్లో నా పేరు నంబర్ల పంతులు). కాన్పయిన అక్కను దవాఖాన నుంచి నాంపల్లిలోని ఇంటికి తేవడానికి మా బాపు ఎవరి దగ్గర పనిచేసేవాడో ఆ వకీలు సాబు తన కారు పంపాడు. వెనక సీటు చుట్టూ పరదాలు, అద్దాలన్నీ పైకి. అక్క, ఆమె ఒళ్లో పసివాడు, పక్కన పెద్దమ్మ, వాళ్ల కాళ్ల దగ్గర కణకణలాడే బొగ్గుల కుంపటి. ముందు డ్రైవరు, నేను.

"పెద్దమ్మా, కార్ల కుంపటేంది?" అన్నాను.

"బాలింతకు సల్లగాలి తగిలితే సన్నిపాతం కొడ్తది. నీ సదువు నీ కాడనే పెట్టుకో," అంటూ ఆమె నిప్పుల మీద సాంబ్రాణి ఊదు చల్లింది.

మొజంజాహీ మార్కెట్ దాటి అబిడ్స్ చేరేసరికి ఏదో ఊరేగింపు అడ్డం వచ్చింది. పైన వాన. కారు కదలదు. డ్రైవరు పొగకు కళ్లు తుడుచుకుంటూ, "అమ్మీ, జర ఒక్క అద్దం దించుర్రి," అని బతిమాలాడు.

"నువ్వేమన్న కన్నవా బిడ్డను? సక్కగ ముంగట సూడు!"

కాసేపటికి ఊదు అయిపోయి పొగ పలచబడింది. నేను పాఠం అప్పగించినట్టు వివరించాను: ఒకటి, ఊదు ఆరింది; రెండు, పొగ లేదు; మూడు, కనుక ఫికర్ లేదు. (మూసిన చోట బొగ్గు కాలితే పుట్టే విషవాయువుకు రంగూ వాసనా ఉండవని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదీ నేనే.) ఇంకేదో చెప్పబోతే నాలుక మొద్దుబారింది. కణతలు పగిలిపోతున్నాయి. "అక్కా, తలకాయ నొస్తున్నదా?" అన్నాను. పరదా తొలగించి చూస్తే అక్క నోరు తెరుచుకుని అద్దానికి వాలి ఉంది. పసివాడి చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా పడింది.

తలుపు తన్ని దిగాను. కాళ్లు నిలవక బురదలో మోకాళ్ల మీద పడ్డాను. లేచి వెనక తలుపు లాగితే, "గాలి తగుల్తదిరా!" అంటూ పెద్దమ్మ నా చొక్కా పట్టుకుంది, ఆ పట్టులోనూ బలం లేదు. డ్రైవరు కుంపటిని రోడ్డు మీదికి తన్ని, అక్కను బయటికి లాగాడు. నేను పసివాణ్ణి వానలో ఎత్తి పట్టుకున్నాను. వాడు ఏడవలేదు. ఊరేగింపులోని జనం నినాదాలు మానేసి మా చుట్టూ చేరారు. "పోరనికి పాణమున్నదా?" అని ఒక ముసలాయన మెల్లగా అడిగాడు. చెప్పడానికి నా దగ్గర ఒకటీ లేదు, రెండూ లేదు.

అప్పుడు వాడు తుమ్మాడు. తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపుకు అక్క కళ్లు తెరిచి, నా కాళ్ల మీద వాంతి చేసుకుంది.

"తల్లీబిడ్డలు మంచిగనే పండుకున్నరు. గీ పోరడే తలుపు తీసి గాలి తగిలిచ్చిండు, గందుకే కక్కింది," అని సాయంత్రానికల్లా పెద్దమ్మ వాడంతా చెప్పింది. నేను కాగితం మీద బొమ్మ గీసి వాయువు సంగతి వివరించాను. ఆమె శ్రద్ధగా చూసి, ఆ కాగితంతోనే విసురుకుంది.

మేనల్లుడికి ఇప్పుడు మీసాలొచ్చాయి. మొన్న భోజనాల దగ్గర, "మామా, నాకు గాలి తగిలిచ్చింది నువ్వేనంట గదా?" అన్నాడు. "ఔ బిడ్డా, నేనే," అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. అంత నవ్వుకు ఎంత ఊపిరి కావాలో లెక్కగట్టబోయి, ఎందుకో మానుకున్నాను.