మా స్టేట్ లిస్టు బావ

నిన్న పొద్దున్నే సత్యం బావ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. పేపర్లో గవర్నర్ గురించి ఏదో పడి ఉంటుంది, తిట్టడానికి చేస్తున్నాడు అనుకున్నాను.

మాట్లాడింది అక్క.

"తమ్ముడూ, మీ బావ లేరు. నిద్దట్లోనే పోయేరు."

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా ఆయన ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదటిసారి.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. బావ రిటైర్డ్ సోషల్ మాస్టారు. మా కింద ఫ్లోర్. రాష్ట్రాల హక్కులంటే ప్రాణం. స్టేట్ లిస్టు, అంటే రాజ్యాంగం రాష్ట్రాలకి వదిలిన పనులన్నీ ఆయనకి కంఠతా.

"ఢిల్లీకేటి తెల్సు బావా, మన అనకాపల్లి బెల్లం సంగతి?" అని మొదలుపెట్టేవాడు.

టీ కొట్టు దగ్గర నేను కేంద్రం పక్షం. కేంద్రం మీద నాకంత ప్రేమేం లేదు. ఎవరో ఒకరు ఎదురు చెప్పకపోతే ఆయనకి టీ దిగదు, అంతే.

"దేశ సమగ్రతకి పైన ఒక గట్టి చెయ్యి ఉండాలి బావా" అనేవాణ్ణి.

"ఉండాల. మన పీక మీద కాదు."

అలాంటి మనిషిని అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌ని చేశాం. బుద్ధి తక్కువై.

వారం తిరక్కుండానే మోటార్ రూమ్ తాళంచెవి ఆయన మొలతాడుకి చేరింది. నీళ్ళు ఎప్పుడు వదలాలో ఆయన ఇష్టం. మేడ మీద తువ్వాలు ఆరేసుకోవాలన్నా పర్మిషన్!

పై ఫ్లోర్ పార్వతమ్మగారు, రాంబిల్లి నుంచి చేపలు తెచ్చి అమ్ముతారు, ఒకరోజు తలమీద షాంపూ నురగతోనే మెట్లు దిగి వచ్చేశారు.

"మాస్టారూ, నీళ్ళు స్టేట్ లిస్టని టీ కొట్టు కాడ మీరే కదా సెప్పేరు? మరి తాళం మీ మొల్లో ఏటి సేత్తంది?"

బావ నోరు తెరిచాడు. "అది కాదమ్మా... సమగ్రత..." అని నసిగాడు.

ఒరేయ్ బావా, అది నా డైలాగు!

నేను నవ్వలేక చచ్చాను.

మర్నాడే ఫ్లోర్‌కొక తాళంచెవి చేయించి పంచిపెట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా? "సూసేవా బావా, అధికారం సేతికొత్తే నాలాంటోడే పాడైపోయేడు. ఇంక ఢిల్లీవోళ్ళ సంగతి సెప్పాలా?" అని ఓడిపోయిందాన్ని కూడా తన పాయింటే చేసుకున్నాడు.

ఇక నిన్నటి సంగతి.

ఎస్. రాయవరంలో బావ వాళ్ళ పెద్దన్నయ్య ఉన్నారు. ఎదురుగా "అన్నయ్యా", చాటుగా "కేంద్ర ప్రభుత్వం". చెరకు ఎప్పుడు నరకాలన్నా, ఇంట్లో ఏ పెళ్ళి కుదరాలన్నా ఆయన మాటే.

వ్యాన్‌తో సహా దిగారు. "ఎక్కించండి. మన పొలంలోనే కాలుద్దాం, నాన్న పక్కన."

బావకేమో తను పాఠాలు చెప్పిన ఈ ఊళ్ళోనే వెళ్ళిపోవాలని కోరిక. అది అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ పెద్దాయన ముందు ఎవరు నోరెత్తుతారు? అక్క ఇన్నేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పిన మనిషి కాదు.

అక్క కళ్ళు తుడుచుకుని లేచింది.

"బావగారూ, దహనాలు స్టేట్ లిస్టులోవి. రోజూ ఆయనే సెప్పేవోరు. ఈ ఇంటికి ఇప్పుడు రాష్ట్రాన్ని నేనే. ఇక్కడే సేత్తాం."

పార్వతమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను గోడవైపు తిరిగిపోయాను. శవం ముందు నవ్వొస్తే మనిషి ఏం చేస్తాడు చెప్పండి?

పెద్దాయన తమ్ముడి మొహంలోకి చూశారు.

"సచ్చి కూడా నన్ను గెలిసేడ్రా ఎదవ" అని, అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

వ్యాన్ ఖాళీగా వెళ్ళిపోయింది. పాడెకి ముందు భుజం పట్టింది ఆయనే.

సాయంత్రం శారదా నది ఒడ్డున నిన్ను రాష్ట్రానికి అప్పజెప్పి వచ్చేశాం బావా.

ఇవాళ పొద్దున్న టీ కొట్టు దగ్గర కేంద్రం పక్షం ఒక్కణ్ణే కూర్చున్నాను. ఎదురు చెప్పేవాడు లేడు.

టీ దిగలేదు.

వెళ్ళిరా బావా. ఎవరి పెత్తనమూ లేని చోట హాయిగా, ప్రశాంతంగా ఉండు.

అక్కడా పెత్తనం ఉంటే మాత్రం... ఊరుకోకు.