ప్లానులో నిలవని తలుపు

దెయ్యాల కబురు వచ్చినప్పుడల్లా మా డెస్కు నన్నే పంపేది. నేను నమ్మనని వాళ్లకు తెలుసు. తిరువూరు నుంచి ఒక దినపత్రికకు ఇరవై రెండేళ్లు వార్తలు రాశాను. రాళ్లు పడే ఇళ్లు చూశాను, పూనకాలు చూశాను. ప్రతిచోటా రాయి విసిరిన చెయ్యి ఒకటి దొరికేది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నాకు ఏ చెయ్యీ దొరకలేదు. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

మా అక్క కూతురు షమీమ్ బస్టాండు దగ్గర మేడ మీద గదిలో ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. ఇల్లు టేపుతో కొలిచి, కాగితం మీద చేత్తో బొమ్మ వేసుకుని, తర్వాత కంప్యూటర్‌లో, క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో కొలతల ప్రకారం గీసి ప్రింటు ఇస్తుంది. పత్రిక మానేశాక పొద్దున పూట నేనూ అక్కడే ఉంటున్నాను. టేపు రెండో కొస పట్టుకోవడం నా పని.

పోయిన వేసవిలో గంపలగూడెం దారిలో ఒక ఊరి నుంచి ఇంటి పంపకం పని వచ్చింది. అన్న యేసురత్నం, తమ్ముడు ప్రభుదాసు. ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలు కరుణమ్మ భర్త పోయాక పుట్టింటికి వచ్చి వెనక గదిలో ఉంటోంది. పెద్దమనుషులు తేల్చిందేమంటే, ఇల్లు అన్నదమ్ములకు చెరిసగం, వెనక గది కరుణమ్మకు. ఆ గదికి సందులోకి సొంత తలుపు ఉంది. ప్లానులో ఆ తలుపు కనిపిస్తేనే అది విడి వాటా. కనిపించకపోతే తమ్ముడి వంటింటి వెనక కొట్టుగది అయిపోతుంది. అన్నదమ్ములిద్దరూ ఒప్పుకునే విషయం ఒక్కటే, ఆ గది ఆమెకు దక్కకూడదని.

కొలవడానికి వెళ్తే ఆ ఇంట్లో ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నా చేతిలోని టేపు కొసను అన్న ఒకసారి, తమ్ముడు ఒకసారి వంగి చూశారు. వెనక గది గోడ పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. తలుపు రెండున్నర అడుగులు. కాగితం మీద ఆ అంకెలు వేసింది నేనే.

క్యాడ్‌లో తలుపు పెట్టాలంటే గోడ గీతలను ఆ మేరకు కత్తిరించి, ఆ ఖాళీలో రెక్క తిరిగే వంపు గీయాలి. షమీమ్ గీసింది. నేను పక్కనే ఉండి చూశాను. ప్రింటు తీస్తే అక్కడ గోడ నిండుగా ఉంది. స్క్రీన్ మీద చూస్తే అక్కడా తలుపు లేదు.

మళ్లీ గీసింది. సేవ్ చేసి, మూసి తెరిస్తే మళ్లీ గోడే. ఇంట్లోని మిగతా తలుపులన్నీ ఉన్న చోటే ఉన్నాయి. గోడ మీద క్లిక్ చేస్తే అతికిన ముక్కలు కూడా లేవు, ఈ మూల నుంచి ఆ మూలకు ఒకే గీత. కొత్త ఫైలులో మొదటి నుంచి గీసింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. తెలిసినవాళ్ల కంప్యూటర్‌లో గీసింది. ఆ ఒక్క తలుపూ ఎక్కడా నిలవలేదు.

మూడో రోజు పదకొండు గంటలకు ముగ్గురూ ప్రింటు కోసం వచ్చారు. ప్రభుదాసు దాన్ని చూసి నవ్వాడు.

"కంప్యూటర్‌కి తెలిసింది పెద్దమనుషులకి తెలీలేదు చూడండి. ఇట్టాగే ఉంచేయమ్మా, సంతకాలు పెట్టేస్తాం."

కరుణమ్మ షమీమ్ వైపు చూసింది. గొంతు పెంచలేదు. "ఏం పెడితే అమ్ముడుపోయావమ్మా వీళ్లకి?"

షమీమ్ మొహం ఎర్రబడింది. "మీ ముందే గీస్తానాంటీ. చూసి అప్పుడు అనండి."

అందరం వెనక నిలబడ్డాం. గోడ తెగింది, వంపు వచ్చింది, కొలత పడింది. షమీమ్ మౌస్ వదిలి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. నిమిషం గడిచి ఉంటుంది. ముందు వంపు పోయింది. తర్వాత తెగిన గీతల కొసలు అటు నుంచీ ఇటు నుంచీ మెల్లగా పెరిగి, మధ్యలో కలిసిపోయాయి. ప్రభుదాసు నవ్వు ఆగిపోయింది.

"అది మా అమ్మ," అంది కరుణమ్మ.

ఆ గది తల్లిదట. పంతొమ్మిదేళ్లప్పుడు కరుణమ్మ ఆ తలుపులోంచే వెళ్లి, ఇష్టపడినవాణ్ని చేసుకుంది. తల్లి మర్నాడే దానికి మేకులు కొట్టించింది. కూతురు విధవరాలై తిరిగి వచ్చినా, తాను పోయేదాకా వాటిని తీయనివ్వలేదు. తల్లిని పాతిపెట్టి వచ్చిన వారానికి కరుణమ్మే వాటిని పీకించింది.

"పోయినామె మీద పెట్టమాకే," అని యేసురత్నం గదిమాడు. జరగలేదని మాత్రం అనలేదు.

తలుపు లేని ఆ ప్రింటు మీదే తలుపును పెన్నుతో గీయమన్నాను. షమీమ్ స్కేలు పెట్టి నల్ల సిరాతో గీసి, పక్కన కొలత వేసింది. పెద్దమనుషుల ఎదుట అందరూ సంతకాలు చేశారు. అందరికంటే ముందు పెట్టింది యేసురత్నం. సిరా గీత చెదరలేదు.

తొమ్మిది రోజులకు కరుణమ్మ ఫోన్ చేసింది. "సార్, తలుపు నాకు రావట్లేదండి. ఒకసారి రండి."

మిట్టమధ్యాహ్నం షమీమ్, నేను బండి మీద వెళ్లాం. వంటింట్లోకి ఉన్న దారిని సంతకాలైన మర్నాడే ప్రభుదాసు మూయించాడు, ఆమెకు మిగిలింది ఆ తలుపొక్కటే. లోపలి నుంచి ఆమె లాగితే తలుపు రాదు. బయట నుంచి పక్కింటివాళ్లు తోస్తే వెంటనే వస్తుంది. అప్పటికి మూడుసార్లు అలా బయటపడిందట. నేను లోపలికి వెళ్లి వేసుకుని చూశాను, సాఫీగా తెరుచుకుంది. షమీమ్‌కూ తెరుచుకుంది. తర్వాత షమీమ్‌ను సందులో దూరంగా నిలబెట్టి, నేను కరుణమ్మ పక్కన ఉండి లాగమన్నాను. గొళ్లెం తీసే ఉంది. రెక్క వేలెడంత వచ్చేది, అటు నుంచి ఎవరో గుంజుకున్నట్టు తిరిగి పోయి కొట్టుకునేది. ఆ చీలికలోంచి నాకు ఎదురుగోడ తప్ప ఏమీ కనబడలేదు.

వంటింటి వైపు నుంచి ప్రభుదాసు గొంతు వినిపించింది. "అంత బాధైతే ఖాళీ చేసి పోరాదా?"

"పోను," అంది కరుణమ్మ, అతనికి కాదు, తలుపుకేసి చూస్తూ. "ఒకసారి పోయాను. చాలు."

ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించి రెక్క ఊడదీయించింది. ద్వారబంధాన్ని కూడా పీకించి, ఉత్త ఖాళీకి పాత దుప్పటి కట్టింది. "ఇప్పుడేం పట్టుకుంటదో పట్టుకోమనండి," అంది మాతో.

వానాకాలమంతా ఆమె ఆ దుప్పటి వెనకే గడిపింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎండలకు చెక్క వంగి బిగిసిందని అనుకుందామంటే, ఒక్క మనిషికే బిగిసే చెక్క నేను చూడలేదు. సాఫ్ట్‌వేర్ లోపమంటే, అది చెక్కకు ఎలా అంటిందో చెప్పలేను. కారణం తెలిసి ఉంటే వార్తగా రాసేవాణ్ని. ఏడాదిగా వెతుకుతున్నాను, తెలియలేదు. అందుకే చూసింది చూసినట్టు ఇక్కడ రాశాను.