తిరగేసిన పేపర్ల కట్ట

నాకు పగలంటే ఇష్టం. ఎండ కాసే పగలూ ఇష్టమే, మనసులో దాచుకునే పగలూ ఇష్టమే. తార్నాకలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కౌన్సెలర్‌గా ఉన్న మనిషి ఇలా రాయకూడదు. "కోపం వదిలెయ్యి నాన్నా, అది ముందు నిన్నే కాలుస్తుంది" అని రోజుకొక పిల్లకో పిల్లాడికో చెప్పేది నేనే. వాళ్ళు వింటారు కూడా. నేను చెప్పేది విననిది ఆ బడిలో నేనొక్కదాన్నే.

నా పగల్లో అన్నిటికన్నా పెద్దది, తార్నాక పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎం.ఎడ్. చదివేటప్పుడు పుట్టింది. ఆఖరి విడత కౌన్సెలింగ్‌లో సీటొచ్చింది నాకు. బతుకంతా కౌన్సెలింగే అవుతుందని అప్పుడే అనుమానించి ఉండాల్సింది. ఆఖర్న చేరాను కాబట్టి రోల్ నంబరు ఆఖరిది. రోల్ నంబరు ఆఖరిది కాబట్టి వైవాకూ ఆఖర్నే పిలిచారు. పొద్దున లోపలికి వెళ్ళినవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి, అది అడిగారు ఇది అడిగారు అని చెబుతుంటే నేను వరండాలో కూర్చుని అన్నిటికీ జవాబులు బట్టీ పట్టాను. నా వంతు వచ్చేసరికి లోపల భోజనాలు అయిపోయాయి, టీలు అయిపోయాయి, ఓపికలు కూడా అయిపోయాయి. వైవా తీసుకునే మా సార్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టేశారు. నా థీసిస్ ఆయన ముందే ఉంది. దాని విషయం, పిల్లల పేపర్లు దిద్దడంలో పక్షపాతం. అట్ట తెరవలేదు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

చెప్పాను. నల్గొండ అవతల మా పల్లె.

"అక్కడ వర్షాలెలా ఉన్నాయి?"

"లేవు సార్" అన్నాను.

"సరే, వెళ్ళిరామ్మా."

నోటీసు బోర్డు మీద పెట్టిన మార్కులు ఒకటో నంబరు నుంచి ఆఖరి నంబరు దాకా మెట్లు దిగినట్టు దిగాయి. కింది మెట్టు మీద నేను. వర్షాల గురించి నేను చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, ఆ ఏడు మా వైపు చుక్క పడలేదు. ఆ నిజానికి మార్కులు లేవు. లెక్చరర్ ఉద్యోగానికి అడిగే శాతం అందీ అందకుండా పోయింది. ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో తెలియక, వానలు లేవు కదా అన్నాను. కరువని వాళ్ళూ ఒప్పుకున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ సారే రిటైరై మా బడికి అకడమిక్ డైరెక్టర్‌గా వచ్చారు. మొదటిరోజు టీచర్లందరినీ కూర్చోబెట్టి న్యాయంగా మార్కులు వెయ్యడం ఎలా అనే దాని మీద మాట్లాడారు. "పిల్లవాడి పేరు చూడకండి, ఊరు చూడకండి, రాసింది చూడండి" అన్నారు. ఊరు అనే మాట దగ్గర నా పెన్ను కాగితాన్ని చింపింది. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "మిమ్మల్ని ఎక్కడో చూశానమ్మా" అన్నారు. "తార్నాకలోనే ఉంటాను సార్, చూసే ఉంటారు" అన్నాను.

పగ తీర్చుకోవడం నాకు చేతకాదని ఆ తర్వాత తెలిసింది. స్టాఫ్ గ్రూపులో ఆయన పెట్టిన గుడ్ మార్నింగులకు బొటనవేలు చూపించడం మానేశాను. నూట ముప్పై బొటనవేళ్ళలో ఒకటి తగ్గిందని ఆయనకు తెలియలేదు. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు ఆయనా వస్తారు, నేనూ వెళ్తాను. చెట్ల కింద ఆ పొడుగు రోడ్డు మీద రోజూ ఆయన్ని దాటి వెళ్ళిపోయేదాన్ని. వైవాలో వెనకబడ్డా నడకలో ముందుండాలని. ఒకరోజు వెనక నుంచి, "మీ వేగం చూస్తే ముచ్చటేస్తుందమ్మా, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకుంటున్నారు" అని మెచ్చుకున్నారు. ఆ రోజు టిఫిన్ సహించలేదు.

ఇక్కడ మా బడి పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు రోల్ నంబర్లు అక్షరాల వరసలో ఇవ్వరు. కిందటేడు వచ్చిన ర్యాంకును బట్టి ఇస్తారు. మధ్యలో చేరినవాళ్ళకు, వాళ్ళెంత చదివేవాళ్ళైనా, ఆఖరి నంబరు. పరీక్ష పేపర్లు ఆ వరసలోనే కట్ట కడతారు. దిద్దేవాళ్ళు పైనుంచి మొదలుపెడతారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఒకటో నంబరు పేపరు తీసేటప్పుడు కాఫీ వేడిగా ఉంటుంది, మనసు మెత్తగా ఉంటుంది, "ఈ పిల్ల రాసే ఉంటుందిలే" అనే నమ్మకం ఉంటుంది. కట్ట అడుక్కి వచ్చేసరికి కాఫీతోపాటు అన్నీ చల్లారిపోతాయి.

తొమ్మిదో తరగతి ఆఖరి నంబరు పిల్ల దసరా సెలవుల తర్వాత చేరింది. రైలు పట్టాల పక్క మెట్టుగూడలో ఉంటారు. వాళ్ళమ్మ హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్‌లో పిండి రుబ్బుతుంది. అర్ధ సంవత్సరం పరీక్షల్లో ఆ పిల్ల సోషల్ తప్పింది. సోషల్ దిద్దేది మా సారే, సబ్జెక్టు మీద ప్రేమ కొద్దీ తొమ్మిదో తరగతి కట్ట ఎవరికీ ఇవ్వరు. పదో తరగతిలో ఒక్కరు తప్పినా తార్నాక సిగ్నల్ దగ్గర కట్టే ఫ్లెక్సీలో నూటికి నూరు అని వేసుకోవడం కుదరదు. అందుకని తొమ్మిదిలోనే తప్పేలా ఉన్నవాళ్ళ తల్లిదండ్రులను పిలిచి, టీసీ తీసుకుంటే పిల్లకే మంచిదని నచ్చజెప్పాలి. ఆ నచ్చని పని పేరు కూడా కౌన్సెలింగే. జీతం తీసుకునేది నేను.

వాళ్ళమ్మ పని మధ్యలో వచ్చింది. చేతి గాజుల మీద పిండి ఎండిపోయి ఉంది. నేను నీళ్ళు నమిలి నమిలి టీసీ దాకా వచ్చాను.

"మేడం, మా మెట్టుగూడ దిక్కు టీసీ అంటే టికెట్ లేనోళ్ళను బండిల కెల్లి దింపేటోడు" అన్నది. "మా పిల్ల టికెట్ కొన్నది. ఫీజు మొత్తం కట్టిన. గిప్పుడు దిగుమంటే ఏడ దిగాలె?"

"ఒక్క సబ్జెక్టులనే పోయిందమ్మా. గని రూల్ గట్లున్నది."

"పెద్ద పరీక్ష దాక ఆగుర్రి మేడం. గప్పుడు గిట్ల తప్పితే నేనే వచ్చి సంతకం పెడ్త. మిమ్మల్ని మల్ల అడుగ."

ప్రిన్సిపాల్ మేడంతో మాట్లాడి అందుకు ఒప్పించాను. పెద్ద పరీక్షలో సోషల్ గట్టెక్కితే పిల్ల ఉంటుంది, లేకపోతే టీసీ. ఆ సాయంత్రం పిల్లను పిలిచి పేపరు తెమ్మన్నాను. రుతుపవనాల ప్రశ్నకు నాలుగు విషయాలు రాసింది, ఒకటో నంబరు పిల్ల పేపరు చూస్తే అందులోనూ అవే నాలుగు. ఒకరికి మార్కులు నిండుగా పడ్డాయి, ఒకరికి సగం కూడా పడలేదు.

"ఎందుకు తగ్గినయో సార్‌ను అడిగినవా?" అన్నాను.

"అడిగిన మేడం. ప్రజెంటేషన్ అన్నడు."

"మరి నీకేమనిపిస్తున్నది?"

"నా పేపరొచ్చేసరికి సార్‌కు నిద్రొస్తున్నట్టున్నది మేడం" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రుతుపవనాల దగ్గర కూడా మా సార్ వర్షాలు సరిగ్గా చూడరు.

ఆ ఒకటో నంబరు పిల్ల సార్ మనవరాలే. మనవరాలికి ఎక్కువ వేశారని తేలి ఉంటే నా పని సులువయ్యేది. కానీ తరగతి పేపర్లన్నీ తెప్పించి చూశాను. రెండో నంబరుకు కొంచెం తగ్గింది, మూడుకు ఇంకొంచెం. అందరికీ సమానంగా అన్యాయం జరిగింది. ఆ మెట్లు నాకు తెలిసినవే.

పెద్ద పరీక్షలప్పుడు పేపర్ల కట్టలు కట్టే డ్యూటీ నాది. ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి వెళ్ళి, పబ్లిక్ పరీక్షల్లో లాగా పేరూ నంబరూ ఉన్న మూలను మడిచి స్టేపుల్ చేద్దాం, మనం వేరే కోడ్ వేద్దాం అన్నాను. పిల్లలకు అలవాటవుతుంది, తల్లిదండ్రులకు నమ్మకం కలుగుతుంది. ఆవిడ సరేనని, మడిచిన పేపరు ఫొటో తీసి గ్రూపులో పెట్టమన్నారు. సార్ అయితే, "చాలా శాస్త్రీయంగా ఉందమ్మా, ఇది ఎప్పుడో చెయ్యాల్సింది" అన్నారు. అవును సార్, ఎప్పుడో చెయ్యాల్సింది.

మూలలు మడిచాక కట్టను పేక ముక్కల్లా కలిపెయ్యాలి. న్యాయమైన పద్ధతి అదే. ఆయన తెరవని నా థీసిస్ నాలుగో అధ్యాయంలో అదే రాశాను. కలపడానికే కూర్చున్నాను. చేతులు మాత్రం కట్టను తలకిందులు చేశాయి. ఆఖరి నంబరు పైకి, ఒకటో నంబరు అడుక్కి. కలిపితే న్యాయం, తిరగేస్తే పగ. రెండిటికీ తేడా తెలిసే తిరగేశాను. చదువుకున్నదాన్ని కదా.

స్టేపుళ్ళు విప్పి మార్కులు ఎక్కించే రోజు సార్, ప్రిన్సిపాల్ మేడం, నేను ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నాం. నేను మూల విప్పి నంబరు చదువుతుంటే మేడం కంప్యూటర్‌లో కొట్టుకుంటున్నారు. మొదటి పేపరుకు తరగతిలో అందరికన్నా ఎక్కువ. నంబరు చదివాను. మేడం వేళ్ళు ఆగాయి.

"ఆ మెట్టుగూడ అమ్మాయా?"

"అవును మేడం."

"మంచిదే. కష్టపడింది" అన్నారు సార్, కొంచెం ఆశ్చర్యంగా. ఆ తర్వాత ఆశ్చర్యాలు వరసగా వచ్చాయి. వెనక బెంచీలన్నీ మెట్లెక్కి పైకి పోతున్నాయి. ముందు బెంచీలు దిగుతున్నాయి. ఆఖరి పేపరు విప్పి ఒకటో నంబరు చదివాను. పాసు మార్కు కిందికి పోయింది.

సార్ నా చేతిలో పేపరు లాక్కుని చూశారు. దిద్దేటప్పుడు నిద్రమత్తులో పట్టని దస్తూరి ఇప్పుడు గుర్తుపట్టారు.

"కట్ట తిరగేసి పెట్టారా అమ్మా మీరు?"

"అవును సార్."

"ముందే చెప్పాలి కదా. కట్ట తిరగబడితే ఈ మార్కులన్నీ తప్పే కదండీ."

ఎంతో కాలంగా ఎదురుచూసిన మాట అది. ఇంత శుభ్రంగా, ఆయన నోటితోనే వస్తుందని అనుకోలేదు. గొంతు వీలైనంత మెత్తగా పెట్టి, "ఎందుకు తప్పవుతాయి సార్? పేపర్లు అవే కదా, రాసింది చూశారు కదా" అన్నాను.

ఆయన పేపరు మళ్ళీ మొదటి పేజీకి తిప్పారు. మేడం ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు, ఏసీ రిమోట్ కోసం వెతికారు.

"నా మీద ఏమన్నా కోపమా అమ్మా?" అన్నారు సార్.

"మీ స్టూడెంట్‌ని సార్. క్యాంపస్‌లో."

"ఏ బ్యాచ్?"

"ఆఖరి నంబరు సార్. వైవాలో మా ఊళ్ళో వర్షాల గురించి అడిగారు."

ఆయన చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. గుర్తురాలేదు. ఇన్నాళ్ళూ నేను మోసిన మూటలో ఆయన వాటా ఏమీ లేదని తెలిసింది. దానికి నా కోపం తగ్గాలి. పెరిగింది.

మేడం ఆ కట్టను నిజంగా కలిపించి, ఇద్దరు వేరే టీచర్ల చేత విడివిడిగా దిద్దించారు. సార్ మనవరాలికి మంచి మార్కులే వచ్చాయి, మొదటి స్థానం మాత్రం కాదు. ఆ పిల్లకు మొదటి మార్కుల సంగతి తెలియనివ్వలేదు. తాత మీద పగకు మనవరాలి పేపరును వాడుకోవడం నాకు కొంచెం గుచ్చుకుంది, గుచ్చుకున్నా చేసినందుకు చింతించడం లేదు. మెట్టుగూడ పిల్ల తరగతి మధ్యలో, సుఖంగా, అందరిలో ఒకతెగా పాసైంది.

వాళ్ళమ్మకు ఫోన్ చేసి పిలిచాను. సంతకం పెట్టడానికే అనుకుని పెన్ను కూడా తెచ్చుకుంది. టీసీ లేదు, పిల్ల ఇక్కడే పదో తరగతి చదువుతుంది అన్నాను. ఆర్నెల్ల పరీక్ష పేపరు కూడా మళ్ళీ దిద్దించామని, అందులోనూ పాసేనని చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె పెన్ను మూత తీసి పెట్టింది, పెట్టి తీసింది.

"గట్లయితే మేడం, అప్పుడు నా పిల్ల తప్పిందన్న గా మార్కులు ఎవరియి?"

కౌన్సెలర్లకు ఇలాంటి ప్రశ్నలకు సిద్ధంగా జవాబులుంటాయి. వ్యవస్థ అనొచ్చు, పొరపాటు అనొచ్చు. "రాండ్రి" అని ఆమెను వెంటబెట్టుకుని సార్ గదికి తీసుకెళ్ళాను. ఈ పిల్ల తల్లి సార్, మొదట వేసిన మార్కులు ఎవరివని అడుగుతున్నారు, అని చెప్పి తలుపు పక్కన నిలబడ్డాను. పక్కకు తప్పుకునే మర్యాద నాకు ఆ రోజు గుర్తురాలేదు.

సార్ లేచి నిలబడ్డారు. కుర్చీ చూపించారు, ఆమె కూర్చోలేదు. ఆయన కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఆమె ముఖం నిజంగా చూడటానికి అనుకుంటాను.

"అవి నావేనమ్మా" అన్నారు.

"మీయేనా సార్" అన్నది ఆమె, గొంతు పెంచకుండా. "నా పిల్ల గా మార్కులు పట్టుకొని మూడు దినాలు బువ్వ తినలే. మీయి మీరే ఉంచుకోర్రి."

పిండి రుబ్బే టైం అవుతున్నదని వెళ్ళిపోయింది. సార్ ఇంకా నిలబడే ఉన్నారు. కూర్చోండి సార్ అనడం నా ఉద్యోగంలో భాగం. అనకుండా తలుపు వేసుకుని వచ్చేశాను.