దారిలో పోయిన ఇరవై రెండు వోల్టులు

నాన్న పోయాక మన్సూరాబాద్ ఇంట్లో కరెంటు పనులన్నీ నా మీదే పడ్డాయి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పెళ్లయి మూసారాంబాగ్ వచ్చేశాక కూడా ఫ్యాను తిరగకపోయినా, ట్యూబులైటు మినుకుమన్నా అమ్మ నాకే ఫోన్ చేసేది. తమ్ముడు అటువైపు చూసేవాడు కాదు. నేను మెట్రోలో ఎల్బీనగర్ వెళ్లి, ఆటో ఎక్కి ఇంటికి చేరి, స్టూలెక్కి పని చేస్తుంటే అమ్మ కింద స్టూలు పట్టుకుని నిలబడేది. విసుక్కుంటూనే వెళ్లేదాన్ని. పిలవకపోతే మాత్రం తోచేది కాదు.

తమ్ముడు తను ఇష్టపడ్డ అమ్మాయినే చేసుకున్నాడు. వాళ్లది నల్గొండ దగ్గర పల్లెటూరు. ఆ పిల్ల ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కరెంటు మెయింటెనెన్స్ చూస్తుంది. ఆ సంగతి తెలిసినరోజే నాకు ఎక్కడో చురుక్కుమంది. పెళ్లయిన కొన్నాళ్లకే అమ్మ ఫోన్లు తగ్గాయి. ఫ్యాను బాగుచేయాలా అని నేనే అడిగితే, "కోడలు చూసేసిందిలే, నువ్వెందుకు అంత దూరం నుంచి" అనేది. నా మంచికే అంది. నాకు మాత్రం ఇంటి తాళంచెవి చేతిలోంచి తీసుకున్నట్టుంది.

దానికంటే ఎక్కువ మండించింది అమ్మ మాట. తెనాలి నుంచి వచ్చి ఇన్నేళ్లయినా యాస చెక్కుచెదరని మనిషి, ఒకరోజు ఫోన్‌లో నాతో "జర ఆగు, పొయ్యి కట్టేసొస్తా" అంది. అలా అన్నానని తనకే తెలియదు. నేను ఆ సాయంత్రమంతా మా ఆయనతో మాట్లాడలేదు.

ఆ చలికాలం అమ్మావాళ్ల గీజర్‌లో నీళ్లు త్వరగా కాగడం మానేశాయి. మరదలికి అప్పుడు వరసగా డ్యూటీలు. అమ్మ చాలాకాలం తర్వాత నన్ను పిలిచింది. నేను మీటర్లేవీ తీసుకెళ్లలేదు. బోరునీళ్లు కదా, లోపలి కాయిల్‌కి ఉప్పు పట్టేసి పాడైందని ధీమాగా తేల్చి, మెకానిక్‌ని పిలిపించి కాయిల్ మార్పించాను. మర్నాడు అమ్మ మెల్లగా చెప్పింది, నీళ్లు అలాగే ఉన్నాయని. ఆదివారం కోడలు చూస్తుందట. నేనూ వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు.

మరదలు తన సంచిలోంచి క్లాంప్ మీటరు తీసింది. వైరును పట్టకారులా చుట్టి పట్టుకుంటే అందులో ఎంత కరెంటు పోతోందో చూపించే మీటరది; దాని తీగలు ఆనిస్తే వోల్టేజీ కూడా చెబుతుంది. గీజర్ స్విచ్ బోర్డు విప్పి, గీజర్ వేసి చూసింది. అక్కడ వోల్టేజీ రెండువందల ఎనిమిది. కరెంటు ఎనిమిది ఆంపియర్లు. అమ్మ ఆ మీటరు వంక, ఆ పిల్ల వంక ఎంత మురిపెంగా చూసిందో. నేనూ అక్కడే ఉన్నాను, తువ్వాలు పట్టుకుని.

ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన లెక్క కదా, నోటికి వచ్చేసింది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే కాయిల్ నిరోధం, ఇరవయ్యారు ఓములు. రెండువేల వాట్ల గీజర్‌కి అంతే ఉండాలి. కాబట్టి కొత్త కాయిల్ బాగానే ఉంది. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవరు. పదహారువందల అరవై నాలుగు వాట్లే వస్తోంది. నీళ్లు కాగకపోవడానికి కారణం అది. అంటే పాత కాయిల్‌ని అనవసరంగా పీకించాను. మరదలికి ఆ సంగతి అర్థమైంది, అయినా మీటరు వైపే చూస్తూ మాట మార్చింది. ఆ మర్యాదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

"ఓల్టేజే తక్కువొస్తుంది వదినా. కాలనీ మొత్తం గట్లనే ఉన్నట్టుంది, కంప్లైంట్ ఇస్తా," అంది.

ఆ మాటలో తప్పు దొరుకుతుందేమోనని నాకు ఆశ పుట్టింది. "గీజర్ ఆపకుండా, మెయిన్ దగ్గర చూడు," అన్నాను. చూసింది. అక్కడ ఉండాల్సినంత, సరిగ్గా రెండువందల ముప్పై ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇరవై రెండు వోల్టులు దారిలో పోతున్నాయి. ఇంటూ ఎనిమిది... నూట డెబ్భై ఆరు వాట్లు. ఈ గోడలో ఎక్కడో కాలుతోంది," అన్నాను.

ఆ పిల్ల వెంటనే గీజర్ ఆపేసి, వైరు వెళ్లే దారి వెంట గోడ తడుముతూ పోయింది. వంటింటి గుమ్మం పైన, వైర్లు అతికే డబ్బా మూత వేడిగా తగిలింది. మెయిన్ ఆపి విప్పితే లోపల అతుకు వదులై, పైతొడుగు కరిగి నల్లగా మాడిపోయి ఉంది. దాని పక్కనే అమ్మ ఆరేసే పాతచీరల దండెం. మరదలు మాడిన ముక్క కత్తిరించి, కొత్త కనెక్టరు బిగించింది. నేను స్టూలు పట్టుకున్నాను. మళ్లీ చూస్తే గీజర్ దగ్గర రెండువందల ఇరవై తొమ్మిది వచ్చింది.

అమ్మ ఆ మధ్యాహ్నమే పిన్నికి ఫోన్ చేసి, కోడలు ఇల్లు తగలబడకుండా కాపాడిందని చెప్పింది. పక్కనుంచి మరదలు, "అత్తమ్మా, లెక్క పట్టింది వదిన. నేనైతే కంప్లైంట్ ఇచ్చి ఊకుంటుంటి" అంది. అమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి, "దానికి ఇవన్నీ మామూలే" అంది. పొగడ్తో, కొట్టిపారేయడమో ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల నన్ను వెనకేసుకురావడం కూడా నాకు నచ్చలేదు. అంత మంచిగా ఉండకపోతే కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

పోయిన వారం మరదలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఒక హీటరు వైరు పొడవు పెంచాలి, దారిలో ఎన్ని వోల్టులు పోతాయో తను వేసిన లెక్క సరిగ్గా ఉందో లేదో చూడమంది. తరగతికి ఆలస్యమవుతున్నా స్టాఫ్‌రూమ్‌లో నిలబడి అంతా చేసి చెప్పాను. వైరు లావు పెంచమన్నాను. చాలా సంతోషమేసింది. పెట్టేసే ముందు, భోజనం అయిందా అని అడిగాను. అమ్మ పొద్దున్నే లేచి గుత్తివంకాయ చేసి బాక్సు కట్టిందట.

మళ్లీ మండింది.